లాగితే వదిలెయ్యాలి

పోయిన వారం కథలో అక్కని ఈతకొలను గేటు దగ్గర నిలబెట్టి ఆగాం. అక్క పెద్దకూతురు ఊరవతల క్వారీ గుంతలో మునిగిపోయి ఏడాది దాటింది. ఎవరో చిన్నపిల్ల నీళ్ళలో పడితే, కాపాడబోయి తాను పోయింది. అప్పట్నుంచీ బకెట్టు నిండా నీళ్ళు పట్టనివ్వని మనిషి, వానొస్తే కిటికీ రెక్కలు బిగించుకుని కూర్చునే మనిషి, సొంత చెల్లెలు ఈత టీచరుగా పనిచేసే చోటికి రావడమే వింత. రప్పించింది పొరుగావిడ నోరు. "మీ చిన్నది నీళ్ళ మీద భలే తేలుతోందండీ, మా మనవరాలు చెప్పింది" అని మెచ్చుకోలుగా అనేసిందావిడ. డ్రాయింగు క్లాసు పేరు చెప్పి తన మొగుడు రోజూ మధ్యాహ్నం చిన్నకూతురు పిచ్చుకని ఎక్కడికి తీసుకెళ్తున్నాడో అక్కకి అప్పుడు తెలిసింది. ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేసింది.

టీచరుకి మొదట చెప్పుల చప్పుడు వినిపించింది. కొలను చుట్టూ ఉన్న తడి పలకల మీద చెప్పులతో ఎవరూ నడవరు.

"అమ్మగారూ, చెప్పులు! చెప్పులు బైటండీ!" అంటూ వాచ్‌మన్ వెనకాలే పరిగెత్తుకొస్తున్నాడు. అక్క వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. అంతే, అతని నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

టీచరు నడుంలోతు నీళ్ళలో ఉంది. పిచ్చుక తల ఆమె అరచేతిలో ఉంది. వెల్లకిలా తేలడం వారం రోజులుగా సాధన చేస్తోంది పిల్ల. చెవులు నీళ్ళలో పెట్టాలి, గడ్డం పైకెత్తాలి, బొడ్డుని ఆకాశానికి చూపించాలి. ఇన్నాళ్ళూ చెయ్యి తీస్తే చాలు, పిల్ల నడుం మడిచేసుకుని బుడుంగున మునిగేది. ఇవాళ మొదటిసారి ఒళ్ళు వదులు చేసింది. టీచరు ఒక్కొక్క వేలే తీస్తోంది. సరిగ్గా ఆ సమయానికే అక్క గట్టు మీదికి వచ్చింది.

"బైటికి తియ్యి దాన్ని."

"అక్కా, అరవకు." టీచరు తల తిప్పకుండానే, లాలిపాట పాడే గొంతుతో అంది. "దానికేం వినపడదు. చెవులు నీళ్ళలో ఉన్నాయి. ఇప్పుడు బెదిరితే నీళ్ళు మింగుతుంది. ఒక్క క్షణం ఓర్చుకో."

ఓర్చుకోక ఏం చేస్తుంది? అక్క నిలబడిపోయింది. పిచ్చుక నీళ్ళ మీద చేతులు రెండూ చాపి, కళ్ళు మూసుకుని, పెదాలు కాస్త తెరిచి పడుకుని ఉంది. జుట్టు తల చుట్టూ పరుచుకుంది. టీచరుకి అది గెలుపు. అక్క కళ్ళలోకి చూశాక మాత్రం టీచరుకి ఇంకోటి గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండాలో పెద్దపిల్లని ఇలాగే పడుకోబెట్టారు. చేతులు ఇలాగే ఉన్నాయి. జుట్టూ ఇలాగే ఉంది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

పిచ్చుక కళ్ళు తెరిచింది. తల కింద చెయ్యి లేదని తెలిసి ఒక్కసారి తడబడి, కాళ్ళు నేలకి ఆనించి నిలబడింది. గట్టు మీద తల్లిని చూడగానే మొహం వెలిగిపోయింది.

"అమ్మా! చూశావా? పిన్ని చెయ్యి తీసేసింది! నేనే తేలాను, నేనే!"

ఆ తర్వాత గుర్తొచ్చింది తాను ఎక్కడ ఉండాలో. ఈత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా, "డ్రాయింగు సారు ఇవాళ రాలేదమ్మా" అంది.

వేరే రోజైతే ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వేవాళ్ళు. అక్క పిల్లని చంకల కింద పట్టుకుని పైకి లాగింది. తన చీర తడుస్తోందని చూసుకోలేదు. "వెళ్ళి బట్టలు మార్చుకో" అంది. పిచ్చుక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మారు మాట్లాడకుండా బట్టల గది వైపు వెళ్ళిపోయింది.

క్లాసు అప్పటికే అయిపోవచ్చింది. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. మెట్ల దగ్గర మాత్రం రెండు జడల పిల్ల ఒకతి, మిగతావాళ్ళు చిమ్మిన నీళ్ళకి జడలు తడిసి, పాదాలు నీళ్ళలో పెట్టి కూర్చుని ఉంది. వాళ్ళమ్మ టైలరమ్మ రోజూ కూర్చునే బెంచీ మీద కూర్చుంది. ఆ పిల్లది ఉదయం క్లాసు. పొద్దున కొలను కడిగి నీళ్ళు మార్చారు కాబట్టి ఇవాళ మధ్యాహ్నానికి వచ్చారు. క్లాసులో చేరి నెలైనా ఆ పిల్ల మెట్టు దిగలేదు. టీచరు తొందరపెట్టలేదు. భయపడ్డ పిల్లని నీళ్ళలోకి తోసి ఈత నేర్పామనుకునేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట. "నీళ్ళు ఎక్కడికీ పోవమ్మా. నీకెప్పుడు అనిపిస్తే అప్పుడే దిగు" అని చెప్పి, వెళ్ళేటప్పుడు ఆ పాదాల మీద గుప్పెడు నీళ్ళు చల్లి నవ్వించేది.

టీచరు నీళ్ళలోంచి పైకొచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, ఈత పలకలూ తాళ్ళూ పెట్టే సామాన్ల గదిలోకి అక్కని తీసుకెళ్ళింది. క్లోరిన్ వాసన, తడి రబ్బరు వాసన. అక్క తలుపు వేసింది.

"ఎవర్నడిగి దించావే?"

"బావే తీసుకొచ్చారక్కా."

"ఆయనకి బుద్ధి లేకపోతే నీ బుద్ధి ఏ గడ్డి మేసింది? ఒకదాన్ని మింగింది చాల్లేదా?"

ఆ మాట ఎవర్ని గురించి, నీళ్ళ గురించా తన గురించా అని టీచరు అడగలేదు. "దానికి నీళ్ళంటే భయం పట్టుకుందక్కా. స్నానానికి కూడా ఏడుస్తోందని బావ చెప్పారు. ఏదో ఒకరోజు ఎక్కడో ఒకచోట నీళ్ళ పక్కన నిలబడాల్సి వస్తుంది కదా. ఆ రోజుకి..."

"భయం ఉండనీ! భయముంటే ప్రాణం ఉంటుంది. పెద్దదానికి నువ్వు భయం లేకుండా చేశావు. చేప పిల్లలా చేశావు. కప్పులు గెలిపించావు. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను, మతిలేనిదాన్ని." అక్క గొంతు పెరుగుతోంది. "ఆ రోజు ఆయన మందుల షాపులో ఉన్నారు. నేను ఆఫీసులో ఉన్నాను. ఎవరో ఫోన్ చేస్తే పరిగెత్తాం. అది అక్కడ ఒక్కతే. దానికే గనక ఈత రాకపోతే ఏం చేసేదో తెలుసా? గట్టు మీద నిలబడి ఏడ్చేది. కేకలు పెట్టేది. ఎవరి పిల్లో పోయేది. పోతే పోయేది! నా పిల్ల ఇంటికొచ్చి, దడుపు జ్వరంతో మూలుగుతూ నా పక్కలో పడుకునేది. నేను నుదుటి మీద తడిగుడ్డ వేసేదాన్ని..."

తన నోటి నుంచి వచ్చిన మాట తానే విని అక్క ఆగిపోయింది. 'ఎవరి పిల్లో పోయేది.' జీవితంలో ఒకరికి చెడు కోరని మనిషి. వీధిలో కుక్క కుంటితే నిలబడి చూసే మనిషి. పక్కనే పేర్చి ఉన్న ఈత పలకల మీద చెయ్యి ఆనించుకుని తల వంచుకుంది.

ఈత రాకపోతే పెద్దపిల్ల బతికేది. ఈ మాటే టీచరు ఏడాదిగా తనతో తాను అనుకుంటోంది. పెద్దపిల్లని మొదటిసారి నీళ్ళలోకి దింపింది తనే. మునిగి లేచి, "పిన్నీ, కింద ఎంత నిశ్శబ్దంగా ఉందో!" అని ఆ పిల్ల నవ్వితే మురిసిపోయిందీ తనే.

"దూకమని నేర్పలేదక్కా" అంది చివరికి. "ఈత నేర్పకముందే అందరికీ అది చెప్తాను. ఎవరైనా మునుగుతుంటే ముందు కేకెయ్యి. బోర్లా పడుకో. కర్రో గుడ్డో చాపు. నీళ్ళలోకి మాత్రం దిగకు. నీళ్ళలోకి మాత్రం దిగకు. దానిచేత ఎన్నిసార్లు చెప్పించానో. నిద్రలో లేపి అడిగినా చెప్పేది."

"మరెందుకు దూకింది?"

"తెలీదు."

"తెలీదు" అని అక్క కూడా అంది. ఇద్దరికీ ఆ మాట దగ్గరే దారి ఆగిపోయేది. చూసినవాళ్ళు లేరు. క్వారీ కూలీలు వచ్చేసరికి రాతి అరుగు మీద ఒక చిన్నపిల్ల ముడుచుకుని వణుకుతోంది. పెద్దపిల్ల నీళ్ళ అడుగున ఉంది. ఆ చిన్నపిల్లని తల్లి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత వాళ్ళు ఆ పేట వదిలి వెళ్ళిపోయారని మాత్రం తెలిసింది.

తలుపు కిర్రుమంది.

టైలరమ్మ నిలబడి ఉంది. ఆ గది గోడలు పైకప్పు దాకా ఉండవు. లోపల మాట్లాడితే బెంచీ దాకా వినిపిస్తుంది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. రెండు జడల పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"అమ్మా, మీరు ఆవిణ్ణి తిట్టకండి. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఆ రోజు..." అని, కూతురి తల మీద చెయ్యి వేసింది. "ఇదేనమ్మా ఆ పిల్ల."

అక్క ఆ పిల్లని చూసింది. ఏడాదిగా ఆమె మనసులో ఆ పిల్లకి మొహం లేదు. ఇప్పుడు రెండు జడలు, ఊడిన ముందరి పన్ను, తడిసిన గౌను అంచు, బెదురు చూపు, అన్నీ ఒక్కసారి ఎదురొచ్చి నిలబడ్డాయి.

"ఆ అక్క దూకలేదు" అంది ఆ పిల్ల.

గొంతు ఎంత చిన్నదంటే, టీచరు మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గరపెట్టాల్సి వచ్చింది. "ఏమన్నావమ్మా? మెల్లగా చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

"దూకలేదు. నా చెప్పు పడిపోయింది. తీద్దామని వంగాను, పడిపోయాను. ఆ అక్క సైకిల్ ఆపి వచ్చింది. ఎవరైనా రండీ రండీ అని అరిచింది. తర్వాత బోర్లా పడుకుంది."

టీచరు పెదాలు తనకి తెలియకుండానే కదులుతున్నాయి. కేకెయ్యి. బోర్లా పడుకో.

"చున్నీ విసిరింది. పట్టుకో, కాళ్ళాడించు అంది. పట్టుకున్నాను. లాగాను. అక్క 'మెల్లగా, మెల్లగా' అంటోంది. నేను మెల్లగా లాగలేదు. గట్టిగా లాగాను." పిల్ల కళ్ళు నేల మీదే ఉన్నాయి. "అక్క జారిపోతోంది. గట్టు మీదంతా పాకుడు."

"వదిలెయ్యాల్సింది" అంది అక్క. ఆ మాటలో కోపం లేదు. ఎక్కడో చాలా దూరం నుంచి, ఇప్పుడు చెప్పినా పెద్దదానికి వినపడుతుందేమో అన్నట్టు అంది. "లాగితే వదిలెయ్యాలి కదా. ఎందుకు వదల్లేదు?"

"నేను 'వదలొద్దు, వదలొద్దు' అని ఏడ్చాను."

టైలరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"'వదల్లేదుగా, ఏడవకు' అంది. తర్వాత పడిపోయింది. నీళ్ళలో నన్ను రాయి మీదికి తోసింది. తను ఎక్కలేకపోయింది. గోడ నున్నగా ఉంది. ఇటు ఈదింది, అటు ఈదింది. పట్టుకోడానికి ఏం లేదు."

చేపపిల్లలా ఈదే పిల్ల. ఇటూ అటూ ఈది, ఈది, పట్టు దొరక్క అలసిపోయింది. టీచరు కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఊహించుకున్నది ఒక్క దూకుడు, ఒక్క పొరపాటు. ఇంతసేపు పట్టిందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఏడాది నుంచీ ఇది కడవలో చెయ్యి పెట్టదమ్మా" అంది టైలరమ్మ. "మొదట్లో మాటే మాట్లాడలేదు. ఈ టీచరమ్మ ఆ పిల్లకి పిన్ని అని తెలిసే వచ్చాను. ఇంకెవరి దగ్గరికి తీసుకెళ్ళను? రోజూ చెప్దామని వస్తాను. ఆవిడ దీని పాదాల మీద నీళ్ళు చల్లి నవ్విస్తుంటే, ఆ నవ్వు కాస్తా పోతుందేమోనని నోరు మూసుకుని కూర్చుంటాను. పిరికిదాన్ని."

టీచరు రెండు జడల పిల్ల భుజాలు పట్టుకుంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మునిగేవాళ్ళు లాగుతారమ్మా. అది నువ్వు చేసింది కాదు, నీ ప్రాణం చేసింది. నేనైనా లాగుతాను. మీ అమ్మయినా లాగుతుంది. అది తప్పు కాదు. విన్నావా?"

పిల్ల తలూపింది గానీ నమ్మినట్టు లేదు. దాని కళ్ళు అక్క వైపే ఉన్నాయి. తీర్పు అక్కడ ఉందని పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్ళూ అక్క కోపానికి ఒక కొట్టం ఉండేది. చెల్లెలు నేర్పిన ధైర్యమే బిడ్డని తీసుకుపోయిందని దాన్ని అక్కడ కట్టేసి, రోజూ మేత వేసేది. ఇప్పుడా కొట్టం కూలిపోయింది. తప్పంటూ మిగిలితే అది ఈ ఊడిన పన్ను పిల్ల చేతుల్లో ఉంది. ఆ చేతులేమో చలికి నీలం తిరిగి ఉన్నాయి.

"చలేస్తోందా?" అంది అక్క.

పిల్ల తలూపింది.

అక్క చెల్లెలి భుజం మీది తువ్వాలు లాక్కుని, కింద కూర్చుని, ఆ పిల్ల జడలు విప్పి తుడవసాగింది. నెమ్మదిగా కాదు. పెద్దదానికి తుడిచినట్టే, కుదుళ్ళు కదిలేలా గట్టిగా తుడిచింది. పిల్ల తల అటూ ఇటూ ఊగిపోతోంది. క్షమించానని అక్క అనలేదు. ఆమె క్షమించిందో లేదో టీచరుకి తెలీదు. బహుశా ఆమెకీ తెలీదు. చేతులు మాత్రం ఆగలేదు.

"నా బిడ్డ దూకలేదే" అంది అక్క, చెల్లెలి వైపు చూడకుండానే. "నువ్వు చెప్పినట్టే చేసింది."

"చివరిదొక్కటీ..." అంది టీచరు.

"చివరిది దానికి చేతకాదులే. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరైనా ఏడిస్తే వదిలిపెట్టి వచ్చేది కాదు. పిచ్చుక పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గర్నుంచి లేపలేక చచ్చేవాళ్ళం." అక్క నవ్వబోయింది. పెదాలు సగం దాకా వచ్చి వంకరపోయాయి. కన్నీళ్ళు చెంపల మీదుగా ఆ పిల్ల తడి జుట్టులోకే రాలాయి. ఏడాదిలో అక్క ఏడవడం టీచరు చూడటం ఇదే మొదలు. కర్మకాండలప్పుడు కూడా రాయిలా కూర్చుంది.

టీచరు పక్కన కూర్చుని అక్క వీపు మీద చెయ్యి వేసింది. అక్క ఆ చేతిని తోసెయ్యలేదు.

కాసేపటికి అక్క తువ్వాలు ఆపి, పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. అడగాలా వద్దా అని తనలో తాను పెనుగులాడినట్టుంది.

"చివర్లో... ఏమైనా అందా? అమ్మా అని పిలిచిందా?"

పిల్ల ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇంకా అలవాటు కాని వయసు.

"అమ్మా అనలేదు. నాన్నా అంది. చాలాసార్లు అంది."

అక్క తలూపింది. ఆ దెబ్బ కూడా మింగింది. "అంటుందిలే. దానికి కష్టమొస్తే నాన్నే. ముల్లు గుచ్చుకున్నా నాన్నే" అంది, ఆ పిల్లని ఓదారుస్తున్నట్టు.

బట్టల గదిలోంచి పిచ్చుక వచ్చింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఒక కాలికే చెప్పుతో గుమ్మంలో నిలబడి, అందరూ నేల మీద ఎందుకు కూర్చున్నారో అర్థం కాక, "డ్రాయింగు క్లాసు మానెయ్యాలామ్మా?" అని అడిగింది. అక్క చెయ్యి చాపి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

బైట మోటారుసైకిల్ ఆగింది. బావ. రోజూ ఆయన గేటు దగ్గరే పిచ్చుకని దింపి, గేటు దగ్గరే ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. లోపలికి అడుగుపెట్టడు. నీళ్ళని చూడలేడు పాపం అని టీచరు ఎప్పుడూ బలవంతపెట్టలేదు. ఇవాళ గేటు దగ్గర పిల్ల లేకపోయేసరికి లోపలికి వచ్చినట్టున్నాడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, కొలను వైపు చూడకుండా గోడ పక్కగా నడుస్తూ, "పిచ్చుకా! ఎంతసేపమ్మా..." అంటూ సామాన్ల గది గుమ్మంలోకి వచ్చాడు. భార్యని చూసి అక్కడే ఆగిపోయాడు.

రెండు జడల పిల్ల ఆయన మొహం వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత అక్క చేతుల్లోంచి జారిపోయి, తల్లి వెనక దాక్కుంది.

"ఏమైందే?" అంది టైలరమ్మ.

"ఈయనేనమ్మా." కొంగు చాటు నుంచి వచ్చిన గొంతు చిన్నదే అయినా అందరికీ వినపడింది. "ఆ అక్క నాన్నా అని పిలిచింది ఈయన్నే. పైన గట్టు మీద నిలబడ్డారు."

హెల్మెట్ జారి కిందపడి దొర్లింది. బావ దాన్ని తీసుకోవడానికి వంగలేదు. కాదనలేదు. టీచరు ఆయన మొహంలోకి చూసి, చూపు తిప్పుకోలేకపోయింది.

అక్క పిచ్చుకని ఒళ్ళోంచి దింపి, మెల్లగా లేచి నిలబడింది.

"షాపులో ఉన్నానన్నారుగా" అంది.